ఇంటి వాకిట్లో కారు ముందు బ్రేక్ ప్యాడ్లు మార్చుకునే విధానం

రాయచోటి వైపు నుంచి కడపకు వస్తూ గువ్వలచెరువు ఘాటు దిగే కారును అదుపులో ఉంచే భారం చాలావరకు ముందు చక్రాల దగ్గరున్న నాలుగు చిన్న పలకల మీదే పడుతుంది. బ్రేకు నొక్కగానే బండి బరువు ముందుకు మొగ్గుతుంది కనుక, వెనుక బ్రేకుల కంటే ముందు బ్రేకులు ఎక్కువ పని చేస్తాయి, ఎక్కువ వేడెక్కుతాయి, త్వరగా అరుగుతాయి. చక్రంతో పాటు తిరిగే ఇనుప బిళ్లను, అంటే డిస్క్‌ను, రెండు వైపుల నుంచి నొక్కి పట్టే ఆ పలకలే బ్రేక్ ప్యాడ్లు. స్టెప్నీ మార్చడం వచ్చినవారు, ఓపిక ఉన్నవారు, పనిముట్లు సమకూర్చుకోగలిగినవారు వీటిని ఇంటి దగ్గరే మార్చుకోవచ్చు.

అయితే ఒక సంగతి మొదటే చెప్పాలి. పాత ప్యాడ్ తీసి కొత్తది పెట్టడం ఈ పనిలో అన్నిటికంటే చిన్న భాగం. చేయి తిరిగినవారికి అది అయిదు నిమిషాల పని. బండిని పైకెత్తి కదలకుండా నిలపడం, ప్యాడ్లను డిస్క్ మీదికి నొక్కే కాలిపర్ అనే ఇనుప భాగం జరగడానికి ఆధారమైన పిన్నులను శుభ్రం చేయడం, బండిని కదిలించే ముందు పెడల్‌ను సరిచూసుకోవడం అనే మూడు పనుల మీదే ఫలితమంతా ఆధారపడి ఉంటుంది. పని ఒత్తిడిలో ఉన్న మెకానిక్ షెడ్లలో ఎక్కువగా వదిలేసేది కూడా ఆ పిన్నుల పనినే, అందుకే కొత్త ప్యాడ్లు వేయించిన కొద్ది నెలలకే ఒక వైపువి మళ్లీ అరిగిపోతుంటాయి. సొంతంగా చేసుకోవడంలోని అసలు లాభం కూలి మిగలడం కాదు, తొందర లేకుండా ఆ పిన్నుల దగ్గర సమయం గడపగలగడం.

ఇక్కడ చెప్పేది మారుతి స్విఫ్ట్, వ్యాగన్ ఆర్, హ్యుండాయ్ ఐ10 వంటి కుటుంబ కార్ల ముందు చక్రాలలో ఉండే, ఒకే పిస్టన్‌తో (ఆయిల్ ఒత్తిడికి ముందుకు వచ్చి ప్యాడ్‌ను నెట్టే భాగంతో) పక్కకు జరిగే రకం కాలిపర్ గురించి. వెనుక డిస్క్ బ్రేకులకు, ముఖ్యంగా మీట నొక్కితే పనిచేసే ఎలక్ట్రానిక్ హ్యాండ్ బ్రేక్ ఉన్న బండ్లకు పద్ధతి వేరు. దీన్ని వాటికి వర్తింపజేయవద్దు.

మార్చవలసిన సమయం వచ్చిందని ఎలా తెలుస్తుంది

చాలా ప్యాడ్లకు చిన్న ఉక్కు రేకు ఒకటి బిగించి ఉంటుంది. ప్యాడ్ మీది రాపిడి పదార్థం చివరికి వచ్చేసరికి ఆ రేకు డిస్క్‌ను తాకి, కీచుమనే సన్నని శబ్దం చేస్తుంది. వాన పడిన మరుసటి ఉదయం బండి తీసినప్పుడు రెండు మూడు బ్రేకుల దాకా వినిపించి ఆగిపోయే రాపిడి శబ్దం ఇది కాదు. అది డిస్క్ మీద పట్టిన పలుచని తుప్పు రాలిపోయే శబ్దం, దానికి కంగారు పడనక్కరలేదు. రోజూ వినిపిస్తూ, ఎండ వానలతో సంబంధం లేకుండా కొనసాగే కీచు శబ్దమే హెచ్చరిక. అది దాటి, ఇనుము ఇనుమును గీస్తున్నట్టు గరగరమంటే, ఇక ఆ బండిని నడపకూడదు. ప్యాడ్ వెనుక పలక నేరుగా డిస్క్‌ను కోస్తోందని అర్థం.

శబ్దం కోసం ఎదురుచూడకుండా కంటితో చూసుకోవడం మేలు. చక్రం సందుల్లోంచి టార్చిలైటు వేసి చూస్తే బయటి ప్యాడ్ అంచు కనిపిస్తుంది. కొత్త ప్యాడ్‌లో రాపిడి పదార్థం సుమారు 10 మిల్లీమీటర్లు ఉంటుంది. 3 మిల్లీమీటర్లకు వచ్చిందంటే మార్చే ఏర్పాటు చేసుకోవాలి. ఇనుప పలక మందాన్ని కలిపి లెక్కపెట్టకూడదు. బయటి ప్యాడ్ బాగుంది కదా అని తృప్తి పడకూడదు కూడా, ఎందుకంటే కంటికి అందని లోపలి ప్యాడే చాలాసార్లు ముందుగా అరుగుతుంది. ఇన్ని కిలోమీటర్లకు ఒకసారి అని ఒకే లెక్క అందరికీ పనికిరాదు. కర్నూలు నుంచి అనంతపురానికి 44వ నంబరు జాతీయ రహదారి మీద సాఫీగా తిరిగే కారుకూ, కడపలోని ఏడు రోడ్ల కూడలి చుట్టుపక్కల రద్దీలో రోజంతా ఆగుతూ కదిలే కారుకూ అరుగుదలలో చాలా తేడా ఉంటుంది.

బానెట్ కింద ఉండే బ్రేక్ ఆయిల్ డబ్బా కూడా సంగతి చెబుతుంది. ప్యాడ్లు అరిగేకొద్దీ పిస్టన్ ముందుకు వస్తుంది, దాని వెనుక ఏర్పడిన ఖాళీలోకి ఆయిల్ దిగుతుంది, డబ్బాలో మట్టం తగ్గుతుంది. లీకు లేకుండా మట్టం నెమ్మదిగా తగ్గుతోందంటే ప్యాడ్లు అరుగుతున్నాయన్న మాట. అది తెలియక ఎవరైనా పై గీత దాకా ఆయిల్ పోసి ఉంటే, పిస్టన్‌ను వెనక్కి నెట్టినప్పుడు అదంతా పొంగి బయటికి వస్తుంది. ఈ సంగతి గుర్తుంచుకోండి, తరువాత పనికొస్తుంది.

కొనవలసినవి, దగ్గర ఉంచుకోవలసినవి

ముందు చక్రాల ప్యాడ్లు నాలుగూ కలిపి ఒక సెట్‌గా దొరుకుతాయి. కుడి వైపువి మాత్రమే అరిగాయి కదా అని ఆ రెండే మార్చకూడదు. రెండు వైపులా పట్టు సమానంగా లేకపోతే గట్టిగా బ్రేకు వేసినప్పుడు బండి ఒక పక్కకు లాగుతుంది. దుకాణానికి వెళ్లేటప్పుడు ఆర్‌సీ వెంట తీసుకెళ్లి మోడల్, తయారైన సంవత్సరం, పెట్రోలా డీజిలా అన్నవి చెప్పండి. ఒకే పేరున్న కారుకు కూడా సంవత్సరాన్ని బట్టి ప్యాడ్ ఆకారం మారుతుంది. కంపెనీ అసలు విడిభాగం గానీ, రానే, బాష్ వంటి పేరున్న తయారీదారులది గానీ, సీలు చెదరని పెట్టెలో తీసుకుని బిల్లు అడిగి పుచ్చుకోండి. పొట్లంలో చుట్టి ఇచ్చే పేరులేని ప్యాడ్లను చౌకగా వచ్చాయని కొనవద్దు, బండిలో కూర్చునేది మన పిల్లలు. చాలా ప్యాడ్ల అంచున ముద్రించిన కోడ్ చివర రెండు ఇంగ్లీషు అక్షరాలు ఉంటాయి. మొదటిది మామూలు వేడిలో, రెండోది ఎక్కువ వేడిలో ప్యాడ్‌కు ఉండే రాపిడి గుణకాన్ని, అంటే పట్టు ఎంతో చెప్పే అంకెను, సూచిస్తాయి. ‘ఇ’ అంటే 0.25 నుంచి 0.35, ‘ఎఫ్’ అంటే 0.35 నుంచి 0.45, ‘జి’ అంటే 0.45 నుంచి 0.55. రెండో అక్షరం మొదటిదానికంటే తక్కువ తరగతిదైతే, వేడెక్కినప్పుడు ఆ ప్యాడ్ పట్టు తగ్గుతుందని అర్థం. ఘాటు రోడ్లలో తిరిగేవారు దీన్ని తప్పక చూసుకోవాలి.

పనిముట్ల విషయానికి వస్తే, బండితో వచ్చిన జాకీ, వీల్ స్పానర్ కాక రెండు ఇనుప జాకీ స్టాండ్లు, 12 నుంచి 17 సైజుల దాకా స్పానర్లు, సాకెట్ సెట్, పిస్టన్‌ను నెట్టడానికి ఒక పెద్ద సీ క్లాంపు, వైర్ బ్రష్, బ్రేక్ క్లీనర్ స్ప్రే, బ్రేకుల కోసమే తయారైన సిలికాన్ గ్రీజు, పాత నూలు గుడ్డలు, చేతి తొడుగులు, మాస్కు, కొంచెం కట్టుతీగ కావాలి. నట్లను కొలిచినంత బలంతోనే బిగించే టార్క్ రెంచ్ సొంతంగా లేకపోతే తెలిసినవారి దగ్గర అడిగి తెచ్చుకోండి. స్టాండ్లు లేకుండా మాత్రం ఈ పని మొదలుపెట్టవద్దు. మిగతా పనిముట్లలో దేనికైనా ప్రత్యామ్నాయం ఉంటుంది, స్టాండ్లకు లేదు.

బండిని ఎత్తి నిలపడం

మన ప్రాంతంలో వేసవి పనికి తెల్లవారుజామే అనువైన వేళ. పొద్దెక్కాక ఇనుము ముట్టుకోలేనంత కాలుతుంది, చెమట చేతులతో స్పానర్ జారుతుంది. అంతకంటే ముఖ్యంగా, అప్పుడే తిరిగి వచ్చిన బండి డిస్కులు చర్మం కాలేంత వేడిగా ఉంటాయి కనుక, ముందు రోజు రాత్రి నిలిపిన బండి మీద ఉదయం పని చేయడమే సరైనది. మొదటిసారి చేసేవారు ఒక పూటంతా దీనికే కేటాయించుకోవాలి.

నేల సమతలంగా, గట్టిగా ఉండాలి. కడపలో చాలా ఇళ్ల ముందు నాపబండలు పరిచి ఉంటాయి. అవి చూడటానికి గట్టిగా కనిపించినా, కింద మన్ను కుంగి బోలుగా ఉన్న చోట జాకీ మొన భారానికి పగిలిపోతాయి, నున్నటి బండ మీద జాకీ అడుగు జారుతుంది కూడా. కాబట్టి బండను సుత్తి పిడితో తట్టి చూసి, బోలు శబ్దం వచ్చే చోటు వదిలేసి, జాకీ కిందా స్టాండ్ల కిందా మందపాటి చెక్క పలక వేయండి. పేర్చిన నాపరాళ్ల మీద గానీ, ఇటుకల మీద గానీ, సిమెంటు దిమ్మెల మీద గానీ కారును నిలపవద్దు. రాయి ముందుగా హెచ్చరించి పగలదు.

హ్యాండ్ బ్రేక్ లాగి, మొదటి గేరులో ఉంచి, వెనుక చక్రాలకు ముందూ వెనుకా ఏటవాలుగా కోసిన చెక్కలు అడ్డు పెట్టండి. ఆటోమేటిక్ అయితే పార్కు స్థానంలో ఉంచాలి. చక్రం నేల మీద ఉండగానే నట్లను అర చుట్టు వదులు చేయండి. పైకెత్తిన తరువాత బలంగా లాగితే బండి జాకీ మీంచి జారే ప్రమాదం ఉంది. అప్పుడు యజమాని పుస్తకంలో చూపిన చోటే జాకీ పెట్టి ఎత్తి, స్టాండ్ పెట్టి, బరువు స్టాండ్ మీదికి వచ్చేలా జాకీని నెమ్మదిగా దించండి. బండిని చేత్తో గట్టిగా ఊపి చూడండి. కదలకపోతేనే చక్రం విప్పండి. విప్పిన చక్రాన్ని తలుపుల కింద అంచుకు దిగువన పడుకోబెట్టి ఉంచితే, ఏ కారణం చేతనైనా స్టాండ్ జారినా బండి దాని మీద ఆగుతుంది.

రెండు వైపులూ ఒకేసారి విప్పవద్దు. ఒక వైపు పూర్తిగా ముగించాకే రెండో వైపుకు వెళ్లాలి, అప్పుడు ఏ క్లిప్పు ఎటు ఉండేదో సందేహం వచ్చినా విప్పని వైపు చూసి తెలుసుకోవచ్చు. ఫోనులో నాలుగు ఫోటోలు తీసి ఉంచుకోవడం ఇంకా మంచిది.

కాలిపర్ విప్పి, పాత ప్యాడ్లను పరిశీలించడం

బానెట్ ఎత్తి, బ్రేక్ ఆయిల్ డబ్బా మూతను, దాని చుట్టూ ఉన్న దుమ్మును శుభ్రంగా తుడిచాకే మూత తీయండి. ఎర్రమట్టి రేణువు ఒక్కటి లోపల పడినా అది సీళ్లను గీస్తుంది. ఆయిల్ పై గీత దగ్గర ఉంటే కొత్త సిరంజితో కొంత తీసేయండి. ఈ ఆయిల్ కారు పెయింటును తినేస్తుంది, చుక్క పడితే వెంటనే నీళ్లు పోసి కడగాలి.

కాలిపర్ బయటి వైపుకు తిరిగేలా స్టీరింగ్ తిప్పుకుంటే వెనుక ఉన్న రెండు బోల్టులు చేతికి అందుతాయి. బ్రేక్ దుమ్మును నోటితో ఊదవద్దు, గాలి పంపుతో కొట్టవద్దు. ఏ ప్యాడ్‌లో ఏ పదార్థం కలిపారో పైకి తెలియదు, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు హాని చేస్తుంది. మాస్కు వేసుకుని, బ్రేక్ క్లీనర్‌తో తడిపి గుడ్డతో తుడవండి. తరువాత కింది బోల్టును విప్పండి. బోల్టుతో పాటు పిన్ను కూడా తిరుగుతుంటే, పిన్ను తలను పలుచని స్పానర్‌తో పట్టి ఉంచి బోల్టును తిప్పాలి. చాలా బండ్లలో కింది బోల్టు ఒక్కటి తీస్తే కాలిపర్ తలుపులా పైకి తెరుచుకుంటుంది. అలా తెరుచుకోకపోతే పైది కూడా తీసి, కాలిపర్‌ను చక్రం వెనుక పైనున్న సస్పెన్షన్ స్ప్రింగుకు కట్టుతీగతో వేలాడదీయండి. బ్రేక్ గొట్టం మీద బరువు పడనివ్వకూడదు. గొట్టం లోపలి పొర చిట్లితే బయటికి ఏమీ కనిపించదు, బ్రేకు మాత్రం పట్టి వదలకుండా సతాయిస్తుంది. కొన్ని విదేశీ కంపెనీల కార్లలో ప్యాడ్‌కు అరుగుదల తెలిపే వైరు ఉంటుంది, దాన్ని ముందుగా జాగ్రత్తగా ఊడదీయాలి.

ఇప్పుడు పాత ప్యాడ్లు రెండూ బయటికి వస్తాయి. వాటిని చెత్తబుట్టలో వేసే ముందు గుడ్డ మీద పక్కపక్కన పెట్టి చూడండి. ఈ చూపు మీద అయిదు నిమిషాలు ఖర్చు పెట్టడం దండగ కాదు. పిస్టన్ లోపలి ప్యాడ్‌ను నేరుగా నెడుతుంది. ఆ నెట్టిన బలానికి కాలిపర్ మొత్తం పిన్నుల మీద వెనక్కి జరిగి బయటి ప్యాడ్‌ను డిస్క్ మీదికి లాగుతుంది. పిన్నులు సాఫీగా జరిగితే రెండు ప్యాడ్లూ దాదాపు సమానంగా అరుగుతాయి. లోపలిది బాగా అరిగి బయటిది కొత్తదానిలా ఉంటే, పిన్నులు పట్టేశాయని గానీ, పిస్టన్ వెనక్కి రావడం లేదని గానీ అర్థం. ఒకే ప్యాడ్ ఒక చివర మందంగా, మరో చివర పలుచగా ఏటవాలుగా అరిగితే, రెండు పిన్నులలో ఒకటి బిగుసుకుందని గానీ, ప్యాడ్ చెవులు, అంటే రెండు చివర్లలో పొడుచుకొచ్చిన కొసలు, కాలిపర్‌ను మోసే బ్రాకెట్‌లో ఇరుక్కున్నాయని గానీ అనుమానించాలి. ఉపరితలం అద్దంలా మెరుస్తుంటే, అంచులు పగిలి రాలుతుంటే, ఆ బ్రేకు మితిమీరి వేడెక్కింది. ఘాటు దిగేటప్పుడు గేరు తగ్గించకుండా బ్రేకు మీదే కాలు ఉంచి రావడం దీనికి ముఖ్య కారణం. రెండో వైపు విప్పినప్పుడు కుడి వైపు ప్యాడ్లనూ ఎడమ వైపు ప్యాడ్లనూ కూడా పోల్చి చూడండి. తేడా పెద్దగా ఉంటే, కారణం తేల్చకుండా కొత్త ప్యాడ్లు వేయడం వాటిని కూడా పాడుచేసుకోవడమే.

పిన్నులు

బ్రాకెట్‌లోని రెండు పిన్నులను ఒక్కొక్కటిగా బయటికి లాగండి. ఆరోగ్యంగా ఉన్న పిన్ను మీద పలుచని గ్రీజు పొర ఉంటుంది, వేలితో లాగితే మెత్తగా వస్తుంది. ఎండిపోయిన పిన్ను మీద గ్రీజు నల్లగా గట్టిపడి జిగురులా మారి ఉంటుంది. రబ్బరు తొడుగు చిరిగి ఉంటే దాని కింద తుప్పు గోధుమ రంగు చుక్కలుగా కనిపిస్తుంది. ఎర్రగుంట్ల, జమ్మలమడుగు వైపు సిమెంటు, నాపరాయి లారీల వెనుక తిరిగే బండ్లలో ఈ తొడుగు చిన్న చిరుగున్నా చాలు, సన్నని పొడి లోపలికి చేరి గ్రీజుతో కలిసి పేస్టులా తయారవుతుంది. చిరిగిన తొడుగులను తప్పక మార్చండి, వాటి కిట్ పెద్ద ఖరీదు కాదు.

పిన్నును, అది దూరే రంధ్రాన్ని పాత గ్రీజు పూర్తిగా పోయేదాకా క్లీనర్‌తో, గుడ్డతో తుడవండి. పిన్ను మీద తుప్పు గుంటలు పడి ఉంటే కొత్త పిన్నే వేయాలి, ఎమరీ కాగితంతో రుద్ది సరిపెట్టకూడదు. పై పిన్నూ కింది పిన్నూ చాలా బండ్లలో ఒకేలా ఉండవు. ఒకదాని చివర చిన్న రబ్బరు ఉంటుంది, కనుక ఎక్కడిది అక్కడే పెట్టండి. సిలికాన్ గ్రీజును పలుచగా పూసి లోపలికి నెట్టి, వెనక్కి లాగి, మళ్లీ నెట్టి చూడండి. చేతి బలానికే ఎక్కడా తట్టకుండా జరగాలి. గ్రీజు ఎక్కువైతే రంధ్రంలో గాలి చిక్కుకుని పిన్నును బయటికి నెడుతుంది. బేరింగులకు వాడే మామూలు పసుపు గ్రీజు, ఇంజనాయిల్, కొబ్బరినూనె వంటివి ఇక్కడ పనికిరావు. చమురు తగిలితే ఆ రబ్బరు ఉబ్బి పిన్నును ఇంకా బిగించేస్తుంది. సర్వీసులో పిన్నులకు గ్రీజు పెట్టామని చెప్పినా ఏ గ్రీజు పెట్టారో అడగడం అందుకే అవసరం.

డిస్క్, పిస్టన్

డిస్క్ మీద వేలిగోరు ఆనించి జరపండి. సన్నని గీతలు సహజం. గోరు దిగి ఆగిపోయేంత లోతు గాట్లు ఉన్నా, వేడికి పడ్డ నీలి మచ్చలున్నా, పగుళ్లున్నా లేత్ షాపుకు గానీ కొత్త డిస్క్‌కు గానీ సిద్ధపడాలి. డిస్క్ మీద గానీ, దాని మధ్య గిన్నె భాగం మీద గానీ ఉండాల్సిన కనీస మందం చెక్కి ఉంటుంది. దాన్ని కొలిచేటప్పుడు ఒక చిక్కుంది: డిస్క్ బయటి అంచున అరగని గట్టు మిగులుతుంది, మందం కొలిచే వెర్నియర్ మూతులు ఆ గట్టు మీదే ఆనుకుని ఎక్కువ మందం చూపిస్తాయి. రెండు వైపులా ఒక్కో రూపాయి నాణెం పెట్టి కొలిచి, తరువాత ఆ రెండు నాణేల మందం తీసేస్తే సరైన లెక్క వస్తుంది. కనీస మందానికి చేరిన డిస్క్‌ను లేత్ పట్టించడం ప్రమాదం.

తరువాత పిస్టన్. పాత ప్యాడ్ ఒకదాన్ని పిస్టన్‌కు ఆనించి, దాని మీద సీ క్లాంపు బిగించి, నెమ్మదిగా లోపలికి నెట్టండి. మధ్యమధ్యలో లేచి ఆయిల్ డబ్బా చూస్తూ ఉండాలి. పిస్టన్ చుట్టూ ఉన్న రబ్బరు తొడుగు చిరిగి ఉన్నా, తడిగా ఉన్నా, ఎంత బిగించినా పిస్టన్ కదలకపోయినా అక్కడితో ఆగిపోండి. ఆ పని కాలిపర్ విప్పి సీళ్లు మార్చగల మెకానిక్‌ది. ఆయిల్ పాతదై నల్లబడి ఉంటే మొత్తం మార్పించే ఆలోచన కూడా చేయండి. ఈ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 అనే రకం బ్రేక్ ఆయిల్‌కు కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ మరుగు స్థానం ఉండాలన్నది ప్రమాణం. తేమ చేరాక ఆ ప్రమాణం 155 డిగ్రీలే. దీర్ఘమైన దిగుడులో ఆయిల్ మరిగి బుడగలు పుడితే పెడల్ నేలకు దిగుతుంది గానీ బండి ఆగదు. అందుకే చాలా కంపెనీలు దాదాపు రెండేళ్లకు ఒకసారి ఆయిల్ మార్చమంటాయి.

కొత్తవి అమర్చి బిగించడం

బ్రాకెట్‌లో ప్యాడ్ చెవులు కూర్చునే చోట ఉండే స్టీలు క్లిప్పులను తీసి, వాటి కింద పట్టిన తుప్పును వైర్ బ్రష్‌తో గీకండి. కొత్త సెట్‌లో క్లిప్పులు వస్తే అవే వేయండి. ప్యాడ్‌ను వేళ్లతో నెడితే గాడిలో జరగాలి. సుత్తితో కొట్టి కూర్చోబెట్టవలసి వస్తే ఎక్కడో తుప్పు మిగిలిందన్న మాట. శబ్దం చేసే రేకు ఉన్న ప్యాడ్ పాతది ఏ వైపు ఉండేదో ఆ వైపే, అదే దిశలో పెట్టండి. చాలా బండ్లలో అది లోపలి వైపు ఉంటుంది. ప్యాడ్ ముఖానికీ డిస్క్‌కూ గ్రీజు గానీ చేతి జిడ్డు గానీ అంటకూడదు, అంటితే క్లీనర్‌తో కడిగి ఆరనివ్వాలి.

కాలిపర్‌ను దించి బోల్టు బిగించండి. ఈ బోల్టు చిన్నది, చక్రం నట్టుకు పెట్టినంత బలం దీనికి పెడితే మరలు పోతాయి. చాలా చిన్న కార్లలో 30 న్యూటన్ మీటర్ల చుట్టుపక్కల బిగిస్తే చాలు, మీ బండి సర్వీస్ పుస్తకంలోని అంకెనే పాటించండి. గొట్టం మెలిక పడలేదని చూసి, చక్రం ఎక్కించి, నట్లను ఎదురెదురుగా ఒకదాని తరువాత ఒకటి చేత్తో బిగించి, బండిని నేలకు దించాక టార్క్ రెంచ్‌తో పూర్తి చేయండి. కుటుంబ కార్లలో చక్రం నట్ల బిగింపు ఎక్కువగా 85 నుంచి 110 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది. రెండో వైపు కూడా ఇదే వరుసలో చేయండి.

పెడల్ నొక్కకుండా బండి తీయవద్దు

పిస్టన్లను వెనక్కి నెట్టాం కనుక ఇప్పుడు వాటికీ ప్యాడ్లకూ మధ్య ఖాళీ ఉంది. ఈ స్థితిలో బండి తీస్తే మొదటి బ్రేకుకు పెడల్ నేలకు తగులుతుంది, బండి మాత్రం గోడ దాకా పోతుంది. ఇంజను ఆపి ఉండగానే పెడల్‌ను నెమ్మదిగా, పూర్తిగా కిందికి కాకుండా సగం దాకా, మళ్లీ మళ్లీ నొక్కండి. కొన్ని నొక్కుల తరువాత అది పైనే గట్టిపడుతుంది. అప్పుడు ఆయిల్ మట్టం రెండు గీతల మధ్య ఉందో లేదో చూసి, తక్కువైతే మూత మీద రాసి ఉన్న రకమే పోసి మూత బిగించండి. ఇంజను వేసి మళ్లీ నొక్కి చూడండి. పెడల్ కొద్దిగా కిందికి దిగి నిలబడటం సహజం. మెత్తగా, స్పాంజిలా కిందికి జారుతూ పోతే గాలి చేరింది గానీ లీకుంది గానీ, బండిని వాకిలి దాటించకుండా మెకానిక్‌ను ఇంటికి పిలవండి.

పెడల్ గట్టిగా ఉంటే వాకిట్లోనే నడక వేగంతో ముందుకూ వెనక్కూ కదిపి రెండు మూడుసార్లు ఆపి చూడండి. ఆ తరువాత తెల్లవారు వేళ రద్దీ లేని బైపాస్ రోడ్డుకు తీసుకెళ్లి, వెనుక ఎవరూ లేరని అద్దంలో చూసుకుంటూ, గంటకు 50 కిలోమీటర్ల వేగం నుంచి 10కి వచ్చేదాకా మధ్యస్థమైన బలంతో బ్రేకు వేయండి. పూర్తిగా ఆపకుండా మళ్లీ వేగం అందుకుని, అర నిమిషం విరామమిచ్చి, ఇలా ఎనిమిది పది సార్లు చేయాలి. దీనివల్ల ప్యాడ్ పదార్థం డిస్క్ మీద పలుచగా, సమానంగా పరుచుకుంటుంది. కొంచెం కాలిన వాసన రావచ్చు, భయం లేదు. ఇది ముగియగానే పెడల్ తొక్కి పట్టి నిలబడవద్దు. వేడి ప్యాడ్ ఒకే చోట అతుక్కుని మచ్చ పడుతుంది, తరువాత బ్రేకు వేసినప్పుడల్లా స్టీరింగ్ వణుకుతుంది. కొన్ని నిమిషాలు బ్రేకు తక్కువగా వాడుతూ నడిపి చల్లారనివ్వండి.

మొదటి 300 కిలోమీటర్ల దాకా తప్పనిసరైతే తప్ప గట్టి బ్రేకులు వేయవద్దు, ఆ లోపు గువ్వలచెరువు గానీ, తిరుమల గానీ, నల్లమల ఘాటు గానీ పెట్టుకోవద్దు. దాదాపు 100 కిలోమీటర్లు తిరిగాక చక్రం నట్లను మరోసారి టార్క్ రెంచ్‌తో సరిచూడండి. అదే రోజు, కొంత దూరం నడిపి ఆగిన వెంటనే, రెండు ముందు చక్రాల దగ్గరా చేయి తాకించకుండా కొద్ది దూరంలో ఉంచి వేడి పోల్చండి. ఒక వైపు స్పష్టంగా ఎక్కువ వేడి కొడుతుంటే ఆ వైపు పిన్నులను మళ్లీ విప్పి చూడాలి.